ఐదు నిమిషాల్లో వచ్చే బండి

మూడో అంతస్తు గది,
మార్చి 3

మామయ్యా,

ఈ ఉత్తరం ఇవాళే రాసి పోస్టు చెయ్యాలి. వచ్చే సోమవారం నుంచి మన స్టేషన్‌లో కొత్త బోర్డు వెలుగుతుంది. దాని మీద పడే సమయాల్లో కొన్ని నేను రాసిన రూలు ప్రకారం పడతాయి. ఆ సంగతి ఇంకెవరో చెబితే వినడం కంటే నా నుంచే నీకు తెలియాలి.

ఫోన్ చెయ్యొచ్చు కదే అంటావు. ఇరవై రెండేళ్లు పక్క స్టేషన్ వాళ్లతో "వదిలారా?", "వదిలాం", "సరే" అని మాట్లాడీ మాట్లాడీ నీకు ఫోన్ అంటే అంతే అయిపోయింది. పోయిన నెల నేను "ఎలా ఉన్నావు మామయ్యా?" అంటే "బాగున్నా, సరే" అని పెట్టేశావు. నేను ఇంకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మెట్ల మీద నిలబడే ఉన్నాను.

నా పని ఏమిటని అడిగావు కదా. మా దగ్గరికి రెండు రకాల సమాచారం వస్తుంది. ఒకటి టైంటేబుల్, అంటే బండి ఎప్పుడు రావాలో. రెండోది జంక్షన్ నుంచి వచ్చే కబురు, అంటే బండి నిజంగా ఎప్పుడు బయల్దేరిందో. ఈ రెండూ కలిపి బోర్డు మీద ఒక్క సమయం చూపించాలి. కబురు వస్తే కబురు ప్రకారం. రాకపోతే టైంటేబుల్ ప్రకారం. టైంటేబుల్ సమయం దాటిపోయినా కబురు లేకపోతే ఇంకో ఐదు నిమిషాలు ముందుకు జరపాలి. ఆ "రాకపోతే" అన్న దగ్గర్నుంచి కింద రాసిందంతా నాదే. బోర్డు ఇక ఎప్పుడూ ఖాళీగా కనపడదని మా టీమ్ లీడర్ అందరి ముందూ మెచ్చుకున్నారు.

అమ్మ పోయాక నన్ను స్టేషన్ క్వార్టర్‌కి తెచ్చుకుని, బండ్ల నంబర్లు చూపిస్తూ అంకెలు నేర్పావు. నీకు వచ్చిన చదువల్లా ఆ అంకెలే. మిగతాదానికి నన్ను బడికి పంపావు. ఇప్పటికీ నా 7 అచ్చం నీ 7 లాగే ఉంటుంది. జెండా పట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉందని ఆఫీసులో నవ్వుతారు.

వచ్చే నెల వస్తాను. సెలవు అడుగుతాను.

నీ మేనకోడలు

—

స్టేషన్, టికెట్ కౌంటర్ పక్క బల్ల,
మార్చి 12

అంకెలమ్మకి,

నేను చెబుతుంటే టికెట్ అమ్మాయి రాస్తోంది. నవ్వుతూ రాస్తోంది. ఎందుకు నవ్వుతున్నావే అంటే చెప్పదు.

(చెల్లీ, నేను ఎదురుగా మూరెడు దూరంలో కూర్చుంటే, ఈయన కదిలిపోతున్న బండిలో మనిషికి చెప్పినట్టు అరిచి చెబుతున్నారు. అందుకు.)

బోర్డు వచ్చింది. ఎర్ర అక్షరాలు. బాగుంది. వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నా, మా పిల్ల రాసిందని. "అంతా మీ పిల్లే రాసిందా?" అంటే అంతా అన్నాను. ఒక ముక్కేనని చెబితే ఏం బావుంటుంది?

బోర్డుతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. ఇక బోర్డు చెప్పిందే మాటట. సిబ్బంది నోటితో వేరే సమయం చెప్పకూడదు, గంట కొట్టకూడదు. గంట కొట్టే ఇనప కడ్డీ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు, అదేదో దొంగ సొత్తయినట్టు. పక్క స్టేషన్ నుంచి ఫోన్ మాత్రం వస్తూనే ఉంది. ఎత్తుతున్నా, నా పుస్తకంలో టైము రాస్తున్నా, కూర్చుంటున్నా. లేచి గంట దాకా నడిచే పది అడుగులు రోజూ మిగిలిపోతున్నాయి. వాటిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఒక్కటి అడగాలి. కబురు రాకపోతే టైంటేబుల్ చూపిస్తానన్నావు. నాకు ఇన్నేళ్లలో పక్క స్టేషన్ నుంచి ఫోన్ రాలేదంటే బండికి ఏదో అయిందని లెక్క. సమయానికి వస్తోందని ఎప్పుడూ అనుకోలేదు. సరేలే, నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలియకుండా ఉంటుందా.

వచ్చే నెలంటే ఎన్నో తారీకో చెప్పు. సెలవు పెట్టి ఇల్లు దులుపుతాను.

మామయ్య

—

మూడో అంతస్తు గది,
ఏప్రిల్ 20

మామయ్యా,

రాలేకపోయాను. ఉద్యోగం ఖాయమయ్యేదాకా సెలవు ఇవ్వరట. వచ్చే నెల తప్పకుండా వస్తాను.

నీ ప్రశ్న లీడర్‌ని అడిగాను. "అలాంటివి వందలో ఒకటి ఉంటాయమ్మా, వాటి కోసం బోర్డు ఖాళీగా పెడతామా?" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. గదికి వచ్చాక నీ మాటే గుర్తొచ్చింది కానీ, మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. అక్కడ అందరి అమ్మానాన్నలూ చదువుకున్నవాళ్లే. ఏదైనా అడిగితే, అది అందరికీ పుట్టుకతోనే తెలిసిన సంగతేమోనని నాకు భయం.

మా ఆఫీసుకి కిటికీలు లేవు. ఎండ ఎప్పుడు వచ్చిందో వాన ఎప్పుడు పడిందో తెలియదు. దేశంలో ఉన్న బండ్లన్నీ నా ముందే కదులుతుంటాయి కానీ, బండి కూత విని నాలుగు నెలలైంది. మధ్యాహ్నం డబ్బా తెరిచి ఒక్కదాన్నే తింటాను. మిగతావాళ్లు పిలవరని కాదు. పిలిస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

ఒక్క పని మాత్రం రోజూ చేస్తాను. సాయంత్రం ఐదూ పదికి తెర మీద మన 47 నంబరు బండిని వెతుక్కుంటాను. చిన్న ఆకుపచ్చ చుక్క జంక్షన్ దాటి, చెరుకు తోటల పక్క మలుపు తిరిగి, మన స్టేషన్ దగ్గర ఆగుతుంది. ఇప్పుడు మామయ్య జెండా పట్టుకుని నిలబడి ఉంటాడు, ఇప్పుడు మడిచాడు, ఇప్పుడు చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లాడు అనుకుంటాను. ఆ రెండు నిమిషాలూ నేను ఇంట్లో ఉన్నట్టే.

నీ గురించి అడిగారు. స్టేషన్‌లో పని అని చెప్పాను.

నీ మేనకోడలు

—

స్టేషన్, కౌంటర్ పక్క బల్ల,
మే 4

అంకెలమ్మా,

ఐదూ పదికి నువ్వు చూస్తున్నావని తెలిశాక జెండా వెంటనే మడవడం లేదు. బండి వెళ్లాక కూడా ఒకసారి ఊపుతున్నా. గార్డు ఎదురు చెయ్యి ఊపుతున్నాడు, తనకే అనుకుని. అనుకోనీ.

(ఆయన ఊపడం నేనూ చూశాను చెల్లీ. నన్ను చూసి, జెండాకి అంటిన దుమ్ము దులుపుతున్నానన్నారు.)

సాయంత్రాలు ఒక పిల్ల వచ్చి రెండో బెంచీ మీద కూర్చుని చదువుకుంటోంది. ఇంట్లో ఆరుగురట, లాంతరంత గదట. "ఇక్కడ రైళ్ల గోల కదమ్మా" అంటే, "మా ఇంటి గోల ముందు ఇదెంత తాతా" అంది. జూన్‌లో పట్నంలో పరీక్షట. అది పాసైతే కాలేజీ, హాస్టలు అన్నీ వాళ్లే చూసుకుంటారట. రాస్తూ రాస్తూ కలం నోట్లో పెట్టుకుంటుంది, నీలాగే. మందలించాను. నీలాగే వినలేదు.

ఇల్లు దులిపేశాను. మళ్లీ దుమ్ము పడేలోగా రా.

మామయ్య

—

మూడో అంతస్తు గది,
జూన్ 9

మామయ్యా,

మొన్న ఆరో తారీకు సాయంత్రం మన స్టేషన్‌లో ఏం జరిగింది?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. ఏ బండి సమయాన్ని ఎన్నిసార్లు ముందుకు జరిపామో మాకు రోజూ ఒక జాబితా వస్తుంది. మామూలుగా ఒకటి, రెండు, మహా అయితే మూడు సార్లు. ఆ రోజు జాబితాలో మన 47 ఎదురుగా ఇరవై మూడు ఉంది. అంటే ఐదూ పది నుంచి ఏడూ ఐదు దాకా, దాదాపు రెండు గంటలు, మీ బోర్డు "ఐదు నిమిషాల్లో వస్తుంది" అంటూనే ఉంది. ఆ అంకె నా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ రోజు జంక్షన్‌లో బండి ఆలస్యంగా బయల్దేరిందట. అరగంట మించి ఆలస్యమైతే వాళ్లు దానికి ఆ ఒక్కరోజుకి కొత్త నంబరు ఇస్తారని నాకు ఇప్పుడే తెలిసింది. 47 కాస్తా 947 అయింది. కబురు 947 పేరుతో వచ్చింది. టైంటేబుల్‌లో 947 లేదు. లేని నంబరు వస్తే, ఖాళీ పెట్టెలు లాక్కెళ్లే బండేమో అని "ప్రత్యేక రైలు, ఎక్కరాదు" అని చూపిస్తాం. ఇక 47 గురించి ఏ కబురూ లేదు కాబట్టి, నా రూలు దాన్ని ఐదేసి నిమిషాలు జరుపుతూ కూర్చుంది. ఒకే బండి బోర్డు మీద రెండయింది. నిజంగా వచ్చినదాన్ని ఎక్కొద్దంది. లేనిదాని కోసం ఆగమంది.

నువ్వక్కడ ఉన్నావు కాబట్టి ఫరవాలేదు కదూ? బండిని చూడగానే నువ్వు గుర్తుపట్టి అందరినీ ఎక్కించేసి ఉంటావు. ఆ ఒక్క మాట రాయి. నిద్ర పడుతుంది.

ఈ నెల కూడా కుదరలేదు. వచ్చే నెల వస్తాను.

నీ మేనకోడలు

—

స్టేషన్, కౌంటర్ పక్క బల్ల,
జూన్ 17

అంకెలమ్మా,

ఏం జరగలేదు. బండి కాస్త ఆలస్యంగా వచ్చింది, జనం ఎక్కారు, వెళ్లారు. బోర్డు బాగానే ఉంది. ఇక్కడ ఎండలు తగ్గాయి. నా ఆరోగ్యం బాగుంది. ఊరికే అదీ ఇదీ ఆలోచించకు. వేళకి తిను. రెండో బెంచీ కాలు విరిగితే బాగు చేయించాను.

సరే.

మామయ్య

(ఇంకో కాగితం)

చెల్లీ,

ఆయన చెప్పమన్నది పైన రాశాను. రాయొద్దన్నది ఇక్కడ రాస్తున్నాను. కవరు నేనే అంటించాను కాబట్టి ఆయనకి తెలియదు.

ఆ సాయంత్రం ఐదూ యాభైకి బండి వచ్చింది. అందరం అదే మన బండి అనుకున్నాం. ఆయన కూడా డ్రైవరుకి చెయ్యెత్తారు. కానీ పైన బోర్డు మీద "ఎక్కరాదు" అని ఉంది, ఆయనకి నేనే చదివి చెప్పాను. దాని కిందే "47, ఐదు నిమిషాల్లో" అని ఉంది. పదకొండు మంది ఉన్నాం చూసేవాళ్లం. ఆయన బండిని చూశారు, బోర్డుని చూశారు, మళ్లీ బండిని చూశారు. "అది మా పిల్ల రాసింది. తప్పు ఉండదు. వెనక ఇంకోటి వస్తున్నట్టుంది, ఆగండి" అన్నారు.

రెండో బెంచీ పిల్ల అప్పటికే మెట్టెక్కింది. మర్నాడు పొద్దున్నే పరీక్ష దానికి. "తాతా, ఇది మన బండేగా?" అంది. ఈయన చెయ్యి పట్టుకుని దింపారు. "ఎక్కొద్దని రాసుందమ్మా, మధ్యలో ఎక్కడైనా దింపేస్తే ఏం చేస్తావు?" అన్నారు. బండి వెళ్లిపోయింది.

ఏడు దాటేదాకా అందరూ అలా నిలబడే ఉన్నారు. బోర్డు ఐదు నిమిషాలంటూనే ఉంది. తర్వాత ఆ వరస చటుక్కున మాయమైంది. ఆ రోజుకి అదే ఆఖరి బండి. పిల్ల ఏడవలేదు. పుస్తకాలు సంచిలో పెట్టుకుని, "ఫరవాలేదు తాతా" అని ఈయనకే చెప్పి వెళ్లింది. అప్పటినుంచి రాలేదు.

వాళ్ల నాన్న ఫిర్యాదు పెట్టాడు. విచారణ అన్నారు. ఈయన "బోర్డులో తప్పేం లేదు, నాకు చూపు ఆనక తప్పుగా చెప్పాను" అని నాతో రాయించి వేలిముద్ర వేశారు. "ఎందుకండీ ఇలా?" అంటే, "పిల్ల ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదమ్మా" అన్నారు. నేను రాశాను. రాయకుండా ఉండాల్సింది.

ఆయన చూపు బాగానే ఉంది చెల్లీ. ఈ గదిలోంచి అవతలి ప్లాట్‌ఫారం మీది గడియారం చూసి నాకు టైము చెబుతారు.

మీ టికెట్ అక్క

—

మూడో అంతస్తు గది,
జులై 5

మామయ్యా,

టికెట్ అక్క మీద కోప్పడకు. ఆవిడ రాయకపోయినా ఇంకో పది రోజులకి నాకు తెలిసేది. ఎందుకంటే ఆ ఫిర్యాదు మా ఆఫీసుకే వచ్చింది, నా బల్ల మీదికే వచ్చింది. ఈ నెల ఇరవయ్యో తారీకున విచారణ. ఆ రోజు బోర్డు సరిగ్గానే పనిచేసిందని నేను సంతకం పెట్టాలట. నువ్వు వేలిముద్ర వేసిన కాగితం దానికి జత చేసి ఉంది. అదీ ఇదీ కలిస్తే నిన్ను పనిలోంచి తీసేస్తారు.

ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను, ఓపిగ్గా చదివించుకుని విను.

జూన్ ఆరో తారీకు కబుర్లు మళ్లీ చూద్దామని వెళ్లాను. లేవు. వాటినీ, రోజూ వచ్చే ఆ జాబితానీ కొద్ది రోజులే ఉంచి చెరిపేస్తారట. రెండు కలిపి తయారైన లెక్క మాత్రం ఉంది. అందులో 947 అనే బండే లేదు. టైంటేబుల్‌లో లేనిదాన్ని మేం దాచుకోం. 47 మాత్రం ఉంది. దాని ఎదురుగా ఏమని ఉందో తెలుసా? "ఐదూ పదికి వచ్చింది. సమయానికి." కబురు రాని బండిని రెండు గంటలు కావస్తుంటే బోర్డు మీంచి తీసేస్తాం, రోజు చివర్లో దానికి టైంటేబుల్ సమయమే రాసేస్తాం. అది కూడా నా రూలే.

కాబట్టి మా పుస్తకాల ప్రకారం ఆ రోజు ఏ ఆలస్యమూ లేదు. ఆ పిల్ల పరీక్ష మళ్లీ రాయనివ్వమని అర్జీ పెట్టుకుందట. పరీక్ష వాళ్లు మమ్మల్ని అడిగారు. మేం ఆ లెక్కే పంపాం. "బండి సమయానికే వచ్చింది, అమ్మాయి చెప్పేది నిజం కాదు" అని వాళ్లు తిప్పి పంపేశారు. నన్ను కాపాడుతున్నానని నువ్వు అనుకున్నావు. మనిద్దరం కలిసి ఆ పిల్లని అబద్ధాలకోరుని చేశాం.

లీడర్ దగ్గరికి వెళ్లాను. నోటుబుక్కులో రాసుకున్న ఇరవై మూడు చూపించాను. "ఇది నీ చేతిరాత. రూలు రాసిందీ నువ్వే. దీన్నెవరు సాక్ష్యమంటారు?" అన్నారు. మంచి మనిషే ఆయన. తలుపు దగ్గరికి వేసి, "ఆయన తప్పు ఒప్పుకున్నాక నువ్వెందుకమ్మా తవ్వుతావు? ఆ గంట కొట్టే ఆయన నీకేమవుతాడు?" అన్నారు.

ఇక్కడ నీకు ఒకటి చెప్పాలి. ఏప్రిల్‌లో చెప్పకుండా దాటేశాను. ఆఫీసులో నీ గురించి అడిగినప్పుడు స్టేషన్‌లో పని అన్నాను. వాళ్లు స్టేషన్ మాస్టరనుకున్నారు. నేను కాదనలేదు. మూడు నెలలు కాదనలేదు. కబురు లేని చోట వాళ్లకి నచ్చింది వాళ్లు నింపుకున్నారు, నేను ఊరుకున్నాను. మొన్న మాత్రం చెప్పాను. "ఆయన మా మామయ్య. నాకు అంకెలు నేర్పింది ఆయనే" అన్నాను. బయటికొచ్చాక డబ్బా తెరిచి తిన్నాను. చాలా రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది.

ఇంకొకటి. రోజూ ఐదూ పదికి నేను చూసే చుక్క ఉంది చూడు, దాని సంగతీ కనుక్కున్నాను. కబురు వచ్చేది జంక్షన్ దాకానే. అక్కడి నుంచి మీ దాకా బండిని చూసే యంత్రం ఏదీ లేదు. అక్కడ కదిలేది బండి కాదు, ఇంతసేపట్లో ఇక్కడికి వస్తుందని వేసిన లెక్క. మాకంటే ముందు పనిచేసినవాళ్లు లెక్కకీ బండికీ ఒకే ఆకుపచ్చ రంగు వేశారు, అంతే. నువ్వు నా కోసం జెండా ఊపుతుంటే నేను టైంటేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాను. జూన్ ఆరున కూడా చూశాను. ఐదూ పదికి చుక్క మీ స్టేషన్ పక్కన ఆగింది. మామయ్య లోపలికి వెళ్లి ఉంటాడు అనుకుని నేనూ లేచి వచ్చేశాను. ఆ సాయంత్రం నువ్వు అక్కడ నిలబడి ఉన్నావు.

జంక్షన్‌కీ మనకీ మధ్య నిజంగా బండిని చూసి సమయం రాసేది ఒక్కరే. అది నువ్వు. గంట ఆపేసినా పుస్తకం ఆపలేదని మార్చిలో రాశావు. జూన్ ఆరో తారీకు పేజీలో బండి నంబరు, పక్క స్టేషన్ ఫోన్ చేసిన సమయం, బండి వచ్చిన సమయం ఉండి ఉంటాయి. పక్క స్టేషన్ వాళ్లు అలవాటు కొద్దీ "47 వదిలాం" అనే చెప్పి ఉంటారు. నువ్వు 47 అనే రాసి ఉంటావు. ఆ ఒక్క వరస చాలు, ఆ రోజు బండి ఐదూ యాభైకి వచ్చిందని చెప్పడానికి.

ఆ పేజీ నువ్వెందుకు బయటపెట్టలేదో కూడా నాకు అర్థమైంది. అది 47 అని నీకు ముందే తెలుసని ఆ వరసే చెబుతుంది. తెలిసీ ఆ పిల్లని దింపావని అంటారు. అనేవాళ్లు ఉంటారు, నేను లేదనను. కానీ నోటితో వేరే సమయం చెప్పకూడదన్న కాగితం ఒకటి మీకు పంపారు కదా, దాని నకలు తీసి పెట్టాను. అది కూడా విచారణలో పెడతాను. ఆ రోజు నువ్వు చేసిన తప్పల్లా నీ చెవిని కాదని నన్ను నమ్మడం. మార్చిలో నువ్వు అడిగిన ప్రశ్నకి నేను తలూపి ఊరుకున్నాను. నా తప్పు అది.

నేను ఆ సంతకం పెట్టను. రూలు నాదని రాసిస్తాను. ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. దాని గురించి నువ్వు భయపడకు. భయపడి ఏం చేశావో చూశాంగా.

వచ్చే నెల వస్తాను, వచ్చే నెల వస్తాను అని మార్చి నుంచీ రాస్తున్నాను. ఇల్లు దులిపి నువ్వు గుమ్మం వైపు చూస్తూ ఉంటావని తెలిసీ జరుపుతూ వచ్చాను. ఈసారి తారీకుతో చెబుతున్నాను. పంతొమ్మిది పొద్దున బండికి వస్తాను. ఇరవైన నీతో పాటు విచారణకి వస్తాను. దారిలో ఆ పిల్ల ఇంటికి ఇద్దరం వెళ్దాం. ఏం చెప్పాలో నాకింకా తెలియదు. గుమ్మం దాకా అయితే వెళ్దాం.

కానీ పుస్తకం నీది. నేనొచ్చి నీ చేతిలోంచి లాక్కోను. ఇవ్వాలో వద్దో నువ్వే అనుకోవాలి. అందుకే జవాబు ముందు అడుగుతున్నాను. ఈసారి టికెట్ అక్కతో రాయించకు. బాగున్నాననీ, ఎండలు తగ్గాయనీ రాయించకు. ఒక కాగితం తీసుకుని ఆ రోజు వరస నీ చేత్తో దించి పంపు. మూడంటే మూడు అంకెలు: బండి నంబరు, ఫోన్ టైము, వచ్చిన టైము. సంతకం అక్కర్లేదు. నీ 7 నేను గుర్తుపడతాను.

పద్దెనిమిదో తారీకు లోపు అందాలి మామయ్యా.

నీ మేనకోడలు